నీసు తగలని ముద్ద

మా పిల్ల జుట్టు చూసి బజార్లో ఆడవాళ్ళు ఆగి మరీ అడిగేవారు, మొక్కుబడి పిల్లా అని. పుట్టినప్పటినుంచీ కత్తెర తగలని జుట్టు. ఐదో ఏడు రాగానే సింహాచలం కొండమీద అప్పన్నకి ఇస్తానని మొక్కుకున్నాను. ఆ జుట్టు అందరికీ కనిపించేది. కనిపించని సగం ఇంకోటుంది. జుట్టు ఇచ్చేదాకా ఆ పిల్ల నోట్లోకి నీసు పోనివ్వను. చేప, రొయ్య, మాంసం, గుడ్డు, ఏదీ కూడదు.

అలా ఎందుకు మొక్కుకున్నానంటే, దీనికి ముందు ఇద్దరు పుట్టి పోయారు. మొదటివాడు పురిట్లోనే పోయాడు. రెండోది ఆడపిల్ల, నెల తిరక్కుండా పోయింది. మూడోసారి కడుపు నిలిచినప్పుడు మా అమ్మ నన్ను కొండమీదికి తీసుకెళ్ళి, గుళ్ళో కప్పస్తంభం వాటేసుకుని ఏదైనా మొక్కుకోమంది. నేను గోదావరి ఒడ్డున పుట్టినదాన్ని. చేపలపులుసు వాసన తగిలితే సగం కడుపు నిండిపోయే రకం. జుట్టు ఒక్కటీ ఇస్తే దేవుడికి ఆనుతుందా అనిపించింది. నాకు ప్రాణమైనది ఏదైనా ఇవ్వాలనుకున్నాను. అందుకని నీసు అన్నాను. నా పేరు మీదా, పుట్టబోయేదాని పేరు మీదా కూడా అన్నాను. అడగడానికి అది అప్పటికింకా బయటికి రాలేదు కదా.

మొక్కేటప్పుడు ఎక్కడ కాపురం ఉంటున్నానో ఆలోచించలేదు. మా ఆయనకి పోర్టు వర్క్‌షాపులో పని. మల్కాపురంలో రెండు గదుల వాటా. ఎనభైల మొదట్లో మాట ఇది. ఒక పక్క ఆయిల్ రిఫైనరీ వాసన, ఇంకో పక్క చేపలు వేపుతున్న వాసన. గాలి ఎటు తిరిగితే ఆ పూటకి ఆ వాసన మాది. ఇరుగుపొరుగు చాలా మంచివాళ్ళు. ఆ మంచితనమే నా ప్రాణం తీసేది. ఏం వండుకున్నా పిల్లకో గిన్నెడు పంపించేవారు. నేను గుమ్మంలోనే ఆపి, దండం పెట్టి, వెనక్కి పంపించేదాన్ని. పిల్ల ఎవరింటికైనా ఆడుకోవడానికి వెళ్ళిందంటే వెనకాలే వెళ్ళి నోరు తెరిపించి చూసేదాన్ని. "ఏం తిన్నావు? ఎవరు పెట్టారు? నిజం చెప్పు." దానికి మాటలు వచ్చిన రోజునుంచీ అది నా దగ్గర విన్న మాటలు ఎక్కువగా ఇవే అయ్యుంటాయి.

పిల్ల మాత్రం పుల్లలా ఉండేది. తిండి దగ్గర కూచోబెడితే ముద్దని వేళ్ళతో విడదీసి, మెతుకు మెతుకూ చూసి, సగం తిని లేచిపోయేది. ఎంత శుభ్రమో నా తల్లికి అని నేను మురిసిపోయేదాన్ని కూడా. డాక్టరుగారు కనురెప్ప కిందికి లాగి చూసి, ఒంట్లో రక్తం లేదు, రోజుకో గుడ్డు పెట్టండి అన్నారు. మొక్కుందండీ అన్నాను. ఆయన విసుక్కోలేదు. పప్పు, మొలకెత్తిన పెసలు, ఆకుకూర, చోళ్ళు, అదే రాగుల జావ, పాలు, వీటిలో ఏది తింటే అది దండిగా పెట్టమన్నారు. బజారు నూనెల సరుకులు వద్దన్నారు. చివర్లో ఒక్క మాట గట్టిగా చెప్పారు. "ఖాళీ కడుపుతో మాత్రం ఉంచకండమ్మా. ఈ పిల్ల ఒంట్లో నిలవ లేదు. జ్వరం గట్రా వచ్చి రెండు రోజులు తినడం మానేసిందంటే తట్టుకోలేదు."

ఆ మాట నా చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. నీసు తింటే ఒక భయం, తినకపోతే ఇంకో భయం. మధ్యలో పెసలు నానబోసుకుంటూ నేను.

ఆ వేసవిలో మా ఆయనకి సెలవు దొరికింది. ఊరు వెళ్ళొద్దు, నాలుగు రోజులు మా అక్కా వాళ్ళింట్లో ఉండి పిల్లకి ఎగ్జిబిషన్ చూపిద్దాం అన్నారు. సముద్రం దగ్గర మైదానంలో వేశారు. జెయింటు వీలు, బొమ్మ రైలు, నూతి గోడల మీద మోటారు సైకిలు నడిపేవాడు, అద్దాల ఇల్లు, అన్నీ వచ్చాయట. రోజూ మల్కాపురం నుంచి బస్సులు మారి వెళ్ళిరావడం పిల్లకి కష్టం. మా వదినగారి, అంటే ఆయన అక్కగారి ఇల్లు పూర్ణా మార్కెట్ వెనక సందులో, ఎగ్జిబిషన్‌కి దగ్గర.

"అక్కడ దానికేం పెడతామండీ?" అన్నాను.

"అక్కడ మనుషులు తినట్లేదా? నాలుగేళ్ళ పిల్ల. ఇంతవరకూ అది గట్టిగా నవ్వడం నేను చూళ్ళేదే. జెయింటు వీలు ఎక్కితే నవ్వుతుంది."

సరే అన్నాను. అని, ఇల్లు పీకి పందిరేశాను. కిరసనాయిలు స్టవ్వు, రెండు గిన్నెలు, గరిటె, పిల్ల కంచం, పిల్ల గ్లాసు, చోడి పిండి, పెసలు, బెల్లం, అటుకులు, అన్నీ మూట కట్టాను. ఎగ్జిబిషన్‌కి వెళ్తున్నామా, కాపురం మారుస్తున్నామా అని మా ఆయన ఎకసెక్కాలాడారు.

మా వదినగారు మనసున్న మనిషి, కానీ ఆవిడ వంటింట్లో ఎండుచేపల డబ్బా లేని గూడు లేదు. నేను వరండాలో నా స్టవ్వు పెట్టుకున్నాను. ఆవిడ చూసి చిన్నబుచ్చుకుంది. "మా గిన్నెలు అంటుకుంటే కూడా దోషమేనా అమ్మాయ్?" అంది. కాదొదినా, నా పిచ్చి అలాంటిది అన్నాను. పొద్దున్నే పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి తోటకూర, బచ్చలికూర, బీరకాయలు తెచ్చేదాన్ని. కూరల వరస దాటితే ఎండుచేపల వరస. అటు అడుగు పడకుండా, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఎవరి బుట్టా నా సంచికి తగలకుండా నడిచేదాన్ని. ఇంటికొచ్చి ఆకు ఆకూ కడిగేదాన్ని. పిల్ల పక్కన కూచుని అన్నీ చూసేది. "ఎందుకమ్మా అన్నిసార్లు కడుగుతావు?" అనేది. నీసు తగిలుంటుందేమోనమ్మా అని చెప్పేదాన్ని.

మొదటి రోజు బాగానే గడిచింది. టిఫిను క్యారియర్లో పెరుగన్నం, ఉడికించిన పెసలు తీసుకెళ్ళాం. పిల్ల బొమ్మ రైలెక్కింది. అద్దాల ఇంట్లో పొట్టిగా, లావుగా కనిపిస్తే తన బుగ్గలు తను పట్టుకుని చూసుకుంది. నవ్వలేదు గానీ, వాళ్ళ నాన్న చెయ్యి వదలకుండా తిరిగింది. ఆయన మొహం చూస్తే నాకే ముచ్చటేసింది.

రెండో రోజు మధ్యాహ్నం క్యారియరు మూత తీశాను. పెరుగన్నం పులిసిపోయి బుడగలు కడుతోంది. పెసలు జిగురొచ్చాయి. వైజాగు ఉక్కపోత, ఎండ, దానికితోడు పొద్దున్నే వండి మూత బిగించేశాను. పిల్ల పొద్దున కొంచెం జావ తాగిందంతే. జెయింటు వీలెక్కించి దింపేసరికి దాని పెదాలు తెల్లబారిపోయాయి. కళ్ళు తిరుగుతున్నాయి నాన్నా అంది. డాక్టరుగారి మాట నా చెవిలో లేచి కూచుంది.

పిల్లని ఆయన ఎత్తుకున్నారు, నేను అంగడి అంగడికీ పరిగెత్తాను. బజ్జీల బండి దగ్గర అదే మూకుట్లో గుడ్డు బోండాలు కూడా వేస్తున్నాడు. పక్కన సేమ్యా అమ్మేవాడి చేతులు చూసి ఆ బండి దాటిపోయాను. గుడారం కింద శాకాహార భోజనం కూడా కలదు అని బోర్డు కట్టిన హోటలుంది. ప్రాణం లేచొచ్చి లోపలికి దూరాను. వంటవాడు సాంబార్లో పెట్టిన గరిటెనే తీసి పక్క గిన్నెలో మాంసం కలిపాడు. అదేంటి బాబూ అన్నాను. "గరిటె ఒకటేనమ్మా, గిన్నెలు వేరే కదా" అన్నాడు, నాకేదో పెద్ద రాయితీ ఇస్తున్నట్టు. అరటిపళ్ళవాడు కనిపించాడు. పిల్ల అరటిపండు వాసన చూసి తల తిప్పేసుకుంది. గోళీసోడా రెండు గుక్కలు తాగి కక్కింది. అంత జనంలో, అన్ని తిండి వాసనల మధ్య, నా పిల్ల నోట్లో పెట్టడానికి ముద్ద దొరకడం లేదు.

మైదానం చివర, సముద్రం వైపు, చాప పరుచుకుని ఒకావిడ అన్నం అమ్ముతోంది. యారాడ నుంచి వస్తుందట రోజూ, ఎగ్జిబిషన్లో పనిచేసేవాళ్ళకి భోజనం పెట్టడానికి. నల్లగా, నిండుగా, పెద్ద ముక్కుపుడకతో ఉంది. మమ్మల్ని చూసి తనే పిలిచింది.

"ఏటమ్మా, పాప అలగ వాలిపోనాదేటి? ఇలగ కూకోబెట్టు, నీడుంది."

"ఏదైనా పెట్టాలమ్మా, నీసు తినదు. మొక్కుంది."

ఆవిడ పిల్ల జుట్టు చూసి చేతులు జోడించింది. "అప్పన్న పిల్లా? మా తల్లే. నాను సేపలకూర అదిగో, ఆ కుండలో ఏరేగా ఉంచినాను. ఇది ఒట్టి వంకాయ. ఏడిగా ఉంది, కలిపి పెట్టు."

"చేప లేదు కదా ఇందులో?"

"నేదమ్మా."

"మాంసం? గుడ్డు?"

"నేదంటే నేదు. అప్పన్న పిల్లకి అబద్దం సెప్తానేటి?"

పిల్ల నా మొహం చూసింది. "నీసు లేదా అమ్మా?" అని అడిగింది. లేదు నాన్నా, తిను, నేను చెప్తున్నాగా అన్నాను. చేతులు కడుక్కుని, విస్తరాకులో వేడన్నం, ఆ వంకాయకూర కలిపి, చిన్న ముద్దలు చేసి పెట్టాను. ఆశ్చర్యం, పిల్ల తింది. ముద్దని విడదీసి చూడలేదు. మెతుకు వెతకలేదు. ఆవురావురుమంటూ తింది. "అబ్బ, తింటోందే" అన్నారు మా ఆయన. ఆవిడ సంబరపడిపోయి ఇంకాస్త కూర వడ్డించింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. విస్తరి చివర మిగిలిన మెతుకులు పారబొయ్యడం ఇష్టం లేక నా నోట్లో వేసుకున్నాను.

వేసుకోగానే తెలిసిపోయింది. ఐదేళ్ళ తరవాతైనా నా నాలిక మరిచిపోలేదు. ఎండబెట్టిన సన్నరొయ్యల పొట్టు. వాసన ముందే తెలియాల్సింది, కానీ ఆ మైదానంలో గాలంతా అదే వాసన, నా ముక్కు ఎప్పుడో చేతులెత్తేసింది.

"ఇందులో రొయ్యపొట్టు వేశావా?" అన్నాను.

"సిటికెడు ఏసినాను, రుసికి. అది నీసేటమ్మా? పోపులో ఏత్తాం కదేటి."

ఆవిడ అబద్ధమాడలేదు. నేను చేప అని అడిగాను, మాంసం అని అడిగాను, గుడ్డు అని అడిగాను. రొయ్యపొట్టు అని అడగలేదు. మా ఊళ్ళోనూ అంతే. మా అమ్మ గోంగూరలో గుప్పెడు రొయ్యపొట్టు వేసి, ఇవాళ కూరగాయే వండానర్రా అనేది. ఆవాలు, జీలకర్ర, రొయ్యపొట్టు అన్నీ ఒకే గూట్లో ఉండేవి. ఇదంతా తరవాత ఆలోచించాను. ఆ నిమిషంలో నా బుర్ర పనిచెయ్యలేదు. పిల్లని లాక్కుని నోట్లో వేలు పెట్టాను. గొంతుదాకా పెట్టాను. కక్కు, కక్కు అని అరిచాను. అది తిన్నదంతా ఇసకలో కక్కింది. కొంగుతో నాలిక తుడిచాను. నీళ్ళు పోసి పుక్కిలించమన్నాను. పిల్ల బిక్కచచ్చిపోయి నావైపే చూస్తోంది. చుట్టూ జనం మూగారు. నేను కొండ ఉన్న దిక్కుకి తిరిగి చేతులెత్తి, "అప్పన్నా, నా తప్పు, దీన్ని తీసుకుపోకు, ఆ ఇద్దర్నీ తీసుకుపోయావు, దీన్ని వదిలెయ్యి" అని పెద్దగా ఏడ్చాను.

"ఏవేయ్, లే. పిల్ల జడుసుకుంటోంది" అని మా ఆయన నా రెక్క పట్టుకుని లేపారు. యారాడ ఆవిడ నెత్తిన చెయ్యి పెట్టుకుని అలాగే కూచుంది. తెలీక ఏసినాను తల్లీ, తెలీక ఏసినాను అంటూనే ఉంది. ఆవిడ మొహంలోనూ భయమే.

మర్నాటికి పిల్ల ఒళ్ళు కాలిపోతోంది.

నాకు అనుమానం లేదు. వచ్చేసింది అనుకున్నాను. మా వదినగారు పసుపుగుడ్డలో ముడుపు కట్టి పిల్ల తలగడ కింద పెట్టింది. ఆ పేటలో డాక్టరొచ్చి చూశాడు, వడదెబ్బ తగిలింది, మందు రాస్తాను, కానీ నీళ్ళూ జావా లోపలికి వెళ్ళాలి అన్నాడు. వెళ్తేగా. పిల్ల పళ్ళు బిగించేసింది. జావ పడితే పెదాల మీదనుంచి కారిపోయేది. కొబ్బరినీళ్ళు పడితే తల తిప్పేసేది. పాలు, మజ్జిగ, బార్లీ, గ్లూకోజు నీళ్ళు, దేనికీ నోరు తెరవలేదు. వాళ్ళ నాన్న బతిమాలారు. అత్త పాటలు పాడింది. ముక్కు మూసి పోద్దామని చూస్తే గిజగిజ కొట్టుకుని మొత్తం కక్కేసింది. ఆ మర్నాడు మధ్యాహ్నానికి కళ్ళు గుంటలు పడిపోయాయి. డాక్టరు మళ్ళీ వచ్చి చర్మం పట్టి లాగి చూశాడు. అది వదిలినా వెంటనే సర్దుకోలేదు. ఆసుపత్రికి తీసుకుపోయి సెలైను పెట్టించండి, ఆలస్యం చెయ్యకండి అన్నాడు. మా ఆయన చొక్కా తగిలించుకుని రిక్షా కోసం పరిగెత్తారు. వదినగారు ఐసు తేవడానికి మార్కెట్ వైపు వెళ్ళింది.

నేనూ, పిల్లా మిగిలాం. దాని గ్లాసులో చోడి జావ, పల్చగా, మజ్జిగ కలిపింది. గ్లాసు అంచు దాని పళ్ళకి ఆనించాను.

"ఒక్క గుక్క, బంగారం."

తల అడ్డంగా ఊపింది.

"నీసు లేదమ్మా. ఒట్టి చోళ్ళు, మజ్జిగ. నేనే కాచాను."

"అప్పుడూ లేదనే అన్నావు" అంది. పెదాలు ఎండిపోయి మాట సరిగ్గా రావడం లేదు.

అది కళ్ళు మూసుకుని, మెల్లగా అడిగింది. "నేనెప్పుడు చచ్చిపోతానమ్మా?"

"ఎవరన్నారే ఆ మాట?"

"నువ్వే. దీన్ని తీసుకుపోకు అని ఏడ్చావు" అంది. "అన్నయ్యా, అక్కా నీసు తినే కదా చచ్చిపోయారు?"

వాళ్ళ గురించి నేను దానికెప్పుడూ చెప్పలేదు. అది పుట్టాక ఆ ఇంట్లో వాళ్ళ మాట ఎత్తలేదు. మరి ఎక్కడ విందో, ఏ మాట ఏ మాటతో అతికించుకుందో. నేను నోరు తెరిపించి చూసినప్పుడల్లా, ఆకు ఆకూ కడిగినప్పుడల్లా, అది తన లెక్క తను కట్టుకుంది. ముద్ద విడదీసి చూసింది అందుకు. శుభ్రం అనుకున్నాను నేను. చావు ఎక్కడ దాక్కుందో అని వెతుక్కుంటూ అన్నం తింది నా పిల్ల, ఇన్నాళ్ళూ.

"కాదమ్మా" అన్నాను. "వాళ్ళు నీసు తినలేదు. వాళ్ళు ఏమీ తినలేదు. చాలా చిన్నవాళ్ళు. పళ్ళే రాలేదు. అన్నయ్య పాలు కూడా తాగలేదు."

"అక్క?"

"అక్క పాలు తాగింది."

"పాలు తాగి చచ్చిపోయిందా?"

"కాదు. కాదు తల్లీ."

"మరి?"

ఆ ప్రశ్న నేను ఎన్నిసార్లు వేసుకున్నానో. దిష్టి అనుకున్నాను. కడుపుతో ఉండగా నేనేదో తినకూడనిది తిన్నాననుకున్నాను. గ్రహణం అనుకున్నాను. అన్నిటికీ ఏదో ఒక కారణం తెచ్చి పెట్టుకున్నాను, కారణం ఉంటే అది రాకుండా చూసుకోవచ్చు కదా అని. పిల్ల కళ్ళు తెరిచి నావైపే చూస్తోంది. ఏ కారణం చెప్పినా అది దాన్ని పట్టుకుని ఇంకోటి తినడం మానేస్తుంది.

"నాకు తెలీదమ్మా" అన్నాను. "ఎందుకు పోయారో నాకు తెలీదు. డాక్టర్లకీ తెలీలేదు. ఎవరికీ తెలీదు."

"నీక్కూడా తెలీదా?"

"నాక్కూడా తెలీదు."

ఆ మాట అప్పటిదాకా నేనెవరి దగ్గరా అనలేదు, మా ఆయన దగ్గర కూడా.

"అయితే నేను చచ్చిపోనా?"

కొండమీద దేవుడు వింటున్నాడనే అనుకున్నాను. మొక్కు తప్పినదాన్ని, రేపటి సంగతి నాకేం తెలుసని మాటిస్తాను? "చచ్చిపోవు" అన్నాను. "రొయ్యపొట్టు తింటే ఎవరూ చచ్చిపోరు. జ్వరం తగ్గుతుంది. ఇది తాగు."

అది రెండు చేతులూ చాపింది. గ్లాసు నేను పట్టుకుంటానంటే వద్దంది, తనే పట్టుకుంది. మొదటి గుక్క గొంతులో దిగడం చూశాను. రెండోది చూశాను. ఒక్కో గుక్కకీ నా ప్రాణం పైకి పోయి కిందికొస్తోంది. సగం తాగి ఊపిరి పీల్చుకుని, మిగతాది కూడా తాగింది. అడుగున చోడి పిండి ముద్ద మిగిలింది.

"వేలితో తీసుకోనా?" అంది.

తీసుకో అన్నాను. వీధిలోంచి మా ఆయన రిక్షా వచ్చిందని కేకేస్తున్నారు. అది గ్లాసులో వేలు పెట్టి నాకుతోంది. అది పూర్తయ్యేదాకా నేను పలకలేదు.